‘పెట్టుకోమనండి’ అని నాతో అనకండి, పిల్లతో చెప్పండి

పిల్లల పళ్లకి క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టులందరికీ,

నమస్కారం.

నేను ఇద్దరు పిల్లల తల్లిని. మా అమ్మాయికి పన్నెండో ఏట క్లిప్పులు వేశారు, పద్నాలుగు దాటాక తీశారు. ఇప్పుడు తనకి పదిహేడు. కింది ముందుపళ్లు రెండు మళ్లీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. చికిత్స మళ్లీ మొదలుపెట్టాలన్నారు. ఆ డాక్టరుగారి చేతిపనికి నేను వంక పెట్టను. వంకరటింకర పళ్లు నెల నెలా వరసకి రావడం కళ్లారా చూశాను, చూసిన ప్రతిసారీ ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను. నేను రాస్తున్నది ఒక మాట గురించి. రెండేళ్లకి పైగా ఆ గదిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని మాట: ‘పెట్టుకోమనండి.’

బాగా తోముకోమనండి. గట్టివి కొరకొద్దనండి. క్లిప్పులకి తగిలించే ఆ చిన్న రబ్బర్లు రోజంతా పెట్టుకోమనండి. నోరు ఇంకాస్త తెరవమనండి.

పిల్ల అదే కుర్చీలో ఉంది, ఆయన మోచేతికి జానెడు దూరంలో. మాట వినపడుతోంది, అర్థమవుతోంది. అయినా ఆ మాట తన మీదుగా దాటి నా దగ్గరికి వచ్చేది. నేను దాన్ని ఇంటికి మోసుకెళ్లి మళ్లీ తనకి అందించాలి. నేను అందించేసరికి అందులో ‘ఎందుకు’ అన్నది మిగిలేది కాదు, ఎందుకో నాకే తెలియదు కనక. ఇలా మా ఒక్కరికే జరిగిందనుకున్నాను. తరవాత వేరే వేరే చోట్ల వైద్యం చేయించుకున్న తల్లిదండ్రులతో మాట్లాడితే, అందరికీ ఈ ‘అనండి’ అనుభవమే.

మొదటిరోజు సంగతి చెప్తాను. కుర్చీ వెనక్కి వాలింది. పెదాలు రెండు పక్కలకీ లాగిపట్టే ప్లాస్టిక్ చట్రం ఒకటి నోట్లో పెట్టారు. అది పెట్టాక మాట్లాడటం కుదరదు, గుటక వేయడం కూడా కష్టం. పళ్ల మీద నీలంరంగు జెల్ రాశారు, కడిగారు, గాలి కొట్టి ఆరబెట్టారు. ఒక్కో బ్రాకెట్నీ, అంటే తీగని పట్టి ఉంచే చిన్న బిళ్లని, పట్టకారుతో పట్టి అతికించి, దాని మీద నీలిరంగు వెలుతురు పెట్టారు. ఆ పని సాగుతున్నంతసేపూ డాక్టరుగారు నాతో మాట్లాడుతూనే ఉన్నారు. నాలుగు పళ్లు తీయించాం కదా, ఆ సందులు మూసుకోవాలి, రెండేళ్ల పైమాటే అనుకోండి, అని. పిల్ల కళ్లు ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు తిరుగుతున్నాయి.

ఆ నాలుగు పళ్లూ ఎందుకు తీశారో తనకి ఎవరూ చెప్పలేదని నాకు చాలా కాలానికి తెలిసింది. పుచ్చిపోయాయి కాబట్టి తీసేశారనుకుందట. తను సరిగ్గా తోముకోకపోవడం వల్లే అలా అయిందనుకుందట. తీసినవి నిక్షేపంలాంటి పళ్లనీ, మిగతావాటికి చోటు కోసం తీశారనీ తెలిసేనాటికి తనకి పదహారేళ్లు. నాలుగేళ్లపాటు చేయని తప్పుని మోసింది. చోటు చాలనప్పుడు పళ్లు తీయాల్సి వస్తుందని నాకు తెలుసు, దానిమీద నాకు పేచీ లేదు. ఆ ఎక్స్‌రే తన వైపు తిప్పి, ‘ఇదిగో ఇక్కడ ఇన్ని పళ్లకి చోటు లేదు తల్లీ’ అని ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

క్లిప్పులు వేసిన రాత్రే నొప్పి మొదలైంది. కొత్త వైరు వేసిన కొన్ని గంటలకి నొప్పి అందుకుంటుందనీ, సుమారు ఒక రోజుకి బాగా ఎక్కువవుతుందనీ, వారం తిరిగేసరికి సర్దుకుంటుందనీ మీకందరికీ తెలుసు. పిల్లకి తెలియదు. ఏదో కొరికి విరగ్గొట్టేశానేమోనని భయపడి, నేను కోప్పడతానని మర్నాడు సాయంత్రందాకా నాకు కూడా చెప్పలేదు. నేను వెళ్లి చూసేసరికి దిండుకి చెంప ఆనించి పడుకుని, నాలుకతో ఒక్కో పన్నూ తడిమి చూసుకుంటోంది. “అమ్మా, ఇవి కదులుతున్నాయి. ఊడిపోతాయా?” అంది. నా దగ్గర జవాబు లేదు. “ఊడవులే, పడుకో” అన్నాను.

జవాబు తరవాత చదివి తెలుసుకున్నాను. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల మందాన పీచుపొర ఒకటి ఉంటుంది. వైరు నెట్టే వైపు ఎముక కరుగుతుంది, వదులైన వైపు కొత్త ఎముక కడుతుంది. అలా పన్ను నెలకి ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా జరుగుతుంది. మధ్యలో వదులుగా అనిపించడం అందుకే, రెండేళ్లు పట్టడమూ అందుకే. చదివింది చదివినట్టు మా అమ్మాయికి చెప్తే, వెంటనే “మరి కరిగిన ఎముక ఎక్కడికి పోతుంది?” అని అడిగింది. పన్నెండేళ్లప్పుడు చెప్పి ఉన్నా ఇదే అడిగేది. తన నోట్లో జరుగుతున్న సంగతి కదా.

పని మధ్యలో కబుర్లకి తీరిక ఎక్కడిదని మీరనవచ్చు. మీ రంగంలోనే 2005లో అచ్చయిన ఒక అధ్యయనం గుర్తుచేస్తాను. క్లిప్పులు వేయించుకున్న 150 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి తరవాత ఫోన్ చేసి, నొప్పి మామూలేనని ధైర్యం చెప్పారు. రెండో జట్టుకి ఫోన్ చేసి, పాల్గొన్నందుకు కృతజ్ఞతలు మాత్రం చెప్పారు. మూడో జట్టుకి ఫోన్ లేదు. ఫోన్ అందుకున్న రెండు జట్లవాళ్లూ, అందుకోనివాళ్లకంటే తక్కువ నొప్పి, తక్కువ ఆందోళన ఉన్నాయని చెప్పారు. ఆ రెండు జట్ల మధ్య మాత్రం తేడా లేదు. ఫోన్‌లో ఏం చెప్పారన్నది కూడా అంత ముఖ్యం కాలేదు. ఎవరో తనని తలుచుకున్నారన్నదే నొప్పిని తగ్గించినట్టుంది. ఆ రాత్రి మా అమ్మాయికి మీ దగ్గర్నుంచి రెండు వాక్యాల మెసేజీ వచ్చి ఉంటే ఎలా ఉండేదో నేను ఊహించుకోగలను.

ఇక అసలు దెబ్బ తగిలిన చోటికి వస్తాను.

క్లిప్పులు తీసిన రోజు పండగలా గడిచింది. అద్దం ఇచ్చారు, ఫొటో తీశారు, అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పిల్ల పళ్ల మీద నాలుక పెట్టి, ఎంత నున్నగా ఉన్నాయో అని నవ్వింది. బయల్దేరబోతుంటే ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టారు, లోపల పారదర్శకంగా ఉన్న తొడుగులు రెండు, సరిచేసిన పళ్లు కదలకుండా పట్టి ఉంచే రిటైనర్లు. “రాత్రిళ్లు పెట్టుకోమనండి” అన్నారు. అంతే. నేను ఇంటికొచ్చి “రాత్రిళ్లు పెట్టుకోవాలట” అన్నాను. ఆ ‘అట’లో ఎంత బలం ఉంటుందో మీరే ఆలోచించండి.

కొన్నాళ్లు పెట్టుకుంది. పరీక్షలప్పుడు మరిచిపోయింది. తరవాత ఒకరోజు పెట్టబోతే బిగుతుగా ఉండి సగంలో ఆగిపోయింది. నొక్కితే నొప్పి. అప్పుడే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేయగలిగేవాళ్లమేమో. చెప్తే తిడతారని డబ్బాలో పెట్టి, డబ్బాని బట్టల కింద దాచింది. పళ్లు ఒకసారి సరిచేస్తే ఇక జన్మంతా అలాగే ఉంటాయని తన నమ్మకం, నా నమ్మకమూ అదే. మాకు అలా కాదని చెప్పినవాళ్లు లేరు.

మీకు ఇది దశాబ్దాలుగా తెలిసిన విషయం. పంటి చుట్టూ ఉన్న పీచు కొత్త చోటికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది, చిగురులోని సాగే పీచుకైతే ఏడాది దాకా. ఈలోపు అది పన్నుని పాత చోటికి లాగుతూనే ఉంటుంది. అది తీరినా, క్లిప్పులు వేయించుకున్నా వేయించుకోకపోయినా, కింది ముందుపళ్లు వయసుతోపాటు ఇరుక్కుంటూ రావడం సహజం. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం, మా అమ్మాయికిలాగే పళ్లు తీయించి చికిత్స చేసినవాళ్లని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించింది. రిటైనర్లు మానేసిన 20 ఏళ్లకి కింది పళ్ల వరస ఫరవాలేదు అనదగ్గ స్థితిలో ఉన్నది పది శాతం మందికేనని 1988లో ప్రకటించింది. ఇంత పెద్ద సంగతిని డబ్బాతోపాటు గుమ్మం దగ్గర చెప్పి పంపించేస్తే ఎలా?

నా మొదటి విన్నపం అందుకే ఇది. రిటైనర్ మాట క్లిప్పులు తీసేరోజుకి అట్టేపెట్టకండి, క్లిప్పులు వేయకముందే ఎత్తండి. ‘రెండేళ్లు క్లిప్పులు, ఆ తరవాత ఏళ్ల తరబడి రాత్రిళ్లు రిటైనర్, నీకు సమ్మతమేనా?’ అని పిల్లనే అడగండి. సమ్మతం కాదంటే, పళ్ల వెనక అతికించే సన్నటి తీగ గురించి చెప్పండి. అదీ వద్దంటే ఏమవుతుందో కూడా చెప్పండి. మాటలోనే తేలాల్సినవి మాటలోనే తేల్చుకుందాం. రిటైనర్ బిగుతైతే, పోతే, విరిగితే ఆ రోజే రమ్మని, ఎవరూ తిట్టరని పిల్లకి నేరుగా మాటివ్వండి. మా ఇంట్లో ఆ డబ్బా బట్టల కిందికి వెళ్లింది భయం వల్లే.

భయం అన్నాను కాబట్టి ఇంకొకటి. ‘రబ్బర్లు పెట్టుకుంటున్నావా?’ అని మీరు గట్టిగా అడిగితే ఏ పిల్లయినా పెట్టుకుంటున్నాననే అంటుంది. తీసి పెట్టుకునే ఉపకరణాల్లో చిన్న సెన్సర్లు అమర్చి చూస్తే, పిల్లలు నిజంగా పెట్టుకునే గంటలు మీరు చెప్పినవాటికంటే బాగా తక్కువని మీవాళ్లే కనిపెట్టారు. కాబట్టి ‘ఎప్పుడు పెట్టుకోవడం కష్టంగా ఉంది?’ అని అడిగి చూడండి. మా అమ్మాయికి క్లాసులో నోరు తెరిచి చదవాల్సి వచ్చినప్పుడు రబ్బరు కనపడుతుందని సిగ్గు. ఆ ఒక్క పీరియడ్‌కి తీసేసి మళ్లీ పెట్టుకోవచ్చా అని అడగాలనుకుని, అడిగే సందు దొరక్క, రోజంతా తీసేసేది. ఇది కూడా నాకు తరవాత తెలిసిందే.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. డాక్టరుగారు నేరుగా పిల్లనే అడిగిన సందర్భాలూ ఉన్నాయి. ‘నొప్పేమైనా ఉందా?’ అని తన వైపు చూసి అడిగితే, తను నోరు తెరిచేలోపు నేనే ‘లేదండీ, బాగానే ఉంది’ అనేశాను. నాలాంటి తల్లులూ తండ్రులూ చాలామంది ఉంటారు. మమ్మల్ని ఆపండి. ‘ఒక్క నిమిషం అమ్మగారూ, అమ్మాయిని చెప్పనివ్వండి’ అంటే మేం నొచ్చుకోము.

మా అబ్బాయి విషయంలో ఇంకో రకం వైద్యాన్ని చూశాను. వాడికి ఎనిమిదేళ్లప్పుడు పై ముందుపళ్లు రెండూ ఎడంగా, విసనకర్రలా విచ్చుకుని వచ్చాయి. అక్క సంగతి చూసి ఉన్నదాన్ని, ఆలస్యం చేస్తే ఏమవుతుందోనని పరుగున వేరే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ వాడి చేతికి అద్దం ఇచ్చి, కాగితం మీద ముందుపళ్లూ, వాటి పైన ఎముకలో ఇంకా దిగని కోరపళ్లూ బొమ్మ వేసి చూపించారు. “ఇవిగో, ఈ పెద్దవి లోపల్నుంచి నీ పళ్ల వేర్లని నెడుతున్నాయి. అందుకే పళ్లు విచ్చుకున్నాయి. పదకొండు, పన్నెండేళ్లకి ఇవి కిందికి దిగుతాయి, అప్పుడు సందు దానంతటదే తగ్గుతుందేమో చూద్దాం. అప్పటిదాకా నువ్వు చేయాల్సింది తోముకోవడమే” అని వాడితో చెప్పారు. నాతో కాదు, వాడితో. ఈ దశని 1937లోనే బ్రాడ్‌బెంట్ అనే ఆయన వివరించాడట. ఇంటికొచ్చి వాడు ఆ బొమ్మని గోడకి అంటించుకున్నాడు. ఏడాదికోసారి వెళ్లి చూపించుకుంటున్నాం. ఇంతవరకూ వాడి నోట్లో ఒక్క తీగ కూడా పడలేదు.

అలాగని అందర్నీ ఆగమనండి అని నేను అనడం లేదు. ఆగకూడనివి ఉన్నాయని కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పై పళ్లు కింది పళ్లకి లోపలివైపు పడి, నోరు మూసేటప్పుడు దవడ పక్కకి జారుతుంటే త్వరగా సరిచేయాలి. అంగిలి ఇరుకైతే, మధ్య అతుకు గట్టిపడకముందే వెడల్పు చేయడం తేలిక. కోరపన్ను దారి తప్పిందేమో పదేళ్ల ప్రాంతంలో చిగురు తడిమి చూడాలి. 1988లో స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అనే ఇద్దరు, దారి తప్పిన 46 కోరపళ్ల విషయంలో పైవరసలోని పాలకోరని తీసేసి ఊరుకుంటే, 36 వాటంతటవే దారికొచ్చాయి. ఒక్క పాలపన్ను సకాలంలో తీయడం వల్ల ఎంత పెద్ద వైద్యం తప్పిందో చూడండి. ఏడేళ్ల వయసుకల్లా ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్పేది ఇలాంటివి పట్టుకోవడానికే. చూపించడం వేరు, వేయించడం వేరు. ఈ తేడా మాలాంటివాళ్లకి మీరే విడమరిచి చెప్పాలి.

ఎత్తుపళ్ల సంగతీ అంతే. ఎనిమిదేళ్లకి ఒక విడత, పదమూడేళ్లకి ఇంకో విడత చేయడం వల్ల, టీనేజీలో ఒకే విడతలో చేసినదానికంటే పళ్ల వరసలో లాభమేమీ కనపడలేదని వైద్య పరిశోధనలన్నీ కూర్చి చూసే కాక్రేన్ సంస్థ సమీక్షలు 2013లోనూ 2018లోనూ తేల్చాయి. ఒక్క లాభం మాత్రం ఉంది: ముందే సరిచేస్తే, పడినప్పుడూ గుద్దుకున్నప్పుడూ ముందుపళ్లు విరిగే ప్రమాదం తగ్గుతుంది. ఎప్పుడూ గెంతుతూ పడిపోయే పిల్లాడికి ఆ లాభం చాలా పెద్దది కావచ్చు, ఇంకొకరికి కాకపోవచ్చు. బళ్లో ‘ఎలక’ అని ఏడిపిస్తున్నారని రోజూ ఏడ్చే పిల్లకి వేరే లెక్క. ఆ లెక్క వెయ్యాలంటే పిల్లని అడగాలి. నన్ను అడిగితే నేను నాకు కనపడిందే చెప్తాను, నాకు కనపడనిది బళ్లో జరుగుతుంది.

‘పళ్లు సరయితే పిల్లకి ఆత్మవిశ్వాసం వస్తుంది’ అన్న మాట మీద మాత్రం కాస్త జాగ్రత్త పడమని కోరుతున్నాను. మాకూ ఆ మాట చెప్పారు, నేనూ నమ్మాను. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 1981లో 11, 12 ఏళ్ల పిల్లల్ని వెయ్యిమందికి పైగా తీసుకుని, 20 ఏళ్ల తరవాత దొరికినవాళ్లని మళ్లీ పరీక్షించారు. చిన్నప్పుడు పళ్లు సరిచేయించుకున్నందువల్ల పెద్దయ్యాక మానసికంగా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. పళ్ల వరస బాగుపడటం మంచి విషయం, దాన్ని దానిగానే చెప్పండి. మా అమ్మాయికి పళ్లు మళ్లీ వంకరపోయినప్పుడు, వాటితోపాటు తనకిస్తామన్నదేదో కూడా పోయిందనుకుని కుమిలిపోయింది. అంత బరువు రెండు పళ్ల మీద పెట్టకుండా ఉండాల్సింది.

చెప్పకుండా వదిలేసిన నష్టాలు కూడా ఉన్నాయి. సరిగ్గా తోమకపోతే బ్రాకెట్ చుట్టూ నాలుగు వారాల్లోనే తెల్లమచ్చలు పడొచ్చు, క్లిప్పులు తీశాక కూడా అవి పోకపోవచ్చు. చాలామందిలో పళ్ల వేర్ల చివర్లు కాస్త కురచవుతాయి, కొద్దిమందిలో ఎక్కువగా. ఇవి చెప్తే పిల్లలు బెదిరిపోతారని మీరు అనుకోవచ్చు. మచ్చ పడిన పన్ను ఫొటో ఒకటి చూపిస్తే, వెయ్యిసార్లు ‘తోముకోమనండి’ అన్నదానికంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

తనకి సంబంధించిన విషయంలో పిల్లల మాట వినాలనీ, వయసుకి తగ్గట్టు దానికి విలువ ఇవ్వాలనీ 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో ఉంది. రెండేళ్లపాటు నోట్లో ఉండే తీగకంటే దగ్గరి విషయం ఒక పిల్లకి ఏముంటుంది? సంతకం మేమే పెడతాం, సరే. ఆ కాగితం మీద అడుగున పిల్ల కూడా తన పేరు రాసే గీత ఒకటి ఉంచండి. రాయనంటే ఆ రోజుకి ఆగండి. అత్యవసరమైనవి తప్ప, పళ్ల వరసలో చాలామటుకు ఆరు నెలలు ఆగితే కొంపలు మునిగేవి కావు.

మా అమ్మాయికి వచ్చే నెల మళ్లీ మొదలవుతుంది. ఈసారి వేరే చోట. నిన్న రాత్రి నోట్సు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ప్రశ్నలు రాసుకుంది: వేర్లు మళ్లీ కురచవుతాయా? పళ్లు తీసిన చోట మూసుకున్న సందు మళ్లీ తెరుచుకుంటుందా? వెనక అతికించే తీగ ఎన్నేళ్లుంటుంది, దాని కింద ఎలా తోముకోవాలి? రిటైనర్ మరిచిపోయిన రాత్రి మర్నాడు ఏం చేయాలి? నాలుగో ప్రశ్న కింద రెండు గీతలు గీసింది. నన్ను బయట గదిలో కూర్చోమంది. కూర్చుంటాను. తను ఆ కాగితం తీసినప్పుడు, ఆ పెదాలు లాగిపట్టే చట్రం నోట్లో పెట్టకముందే, తనకి జవాబు చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి